ఓనరు వేరు, యజమాని వేరు

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను ఆళ్లగడ్డలో మూడో పీరియడ్ చెబుతున్నాను. నంద్యాలలో పెద్ద టీచర్ ఉండే మేడ కింది వాటాలో కుట్టుమిషన్ పెట్టుకున్న అమ్మాయి చేసింది. "అక్కా, పెద్ద టీచరమ్మ పోయింది. ఇప్పుడే. ఇంట్లోనే పోయింది" అంది. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు ఊపిరి ఆడింది. "ఇంట్లోనే" అన్న ఆ ఒక్క మాట కోసం ఆమే నేనూ ఏడు నెలలుగా కాచుకుని ఉన్నాం. ఆ అమ్మాయి గొంతు తగ్గించి రెండో మాట కూడా చెప్పింది. "ఓనరు గేటు కాడ నిలబడుకోనుండాడక్కా. ఇంట్లో పెట్టుకోవద్దంట. కిందికి దించి రోడ్డు మీద షామియానా ఏసుకోమంటాండాడు. నువ్వు బేగా రా."

అద్దె ఇళ్లల్లో బతికినవాళ్లకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. సొంత ఇళ్లవాళ్ల కోసం చెబుతున్నాను. అద్దె ఇంట్లో పెళ్లిచూపులు జరగొచ్చు, పిల్లలు పుట్టొచ్చు, వ్రతమో ప్రార్థన కూటమో పెట్టుకోవచ్చు. చావు మాత్రం జరగకూడదు. పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు మూడు నెలలో ఆరు నెలలో మూసేయాలని పట్టింపు. ఆ తర్వాత కూడా ఎవరూ అద్దెకు రారని భయం. అందుకని మంచం పట్టిన మనిషి ఉంటే ఆ కుటుంబాన్ని మెల్లగా ఖాళీ చేయిస్తారు. ఆస్పత్రిలో పోయినవాళ్లను ఇంటికి తేనివ్వరు. ఏళ్ల తరబడి ఒక ఇంటిని తుడిచి, కడిగి, ముగ్గేసి కాపాడిన మనిషి ఆఖరి రోజు రోడ్డు మీద, వచ్చేపోయే ఆటోల మధ్య పడుకుని ఉండడం నేను రెండుసార్లు చూశాను. పెద్ద టీచర్ అంతకంటే ఎక్కువసార్లే చూసింది. "నన్నట్ల పండబెట్టొద్దు పాపా. నా తలుపులోంచే నన్ను తీస్కపోవల్ల" అని నా దగ్గర మాట తీసుకుంది.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో గంట పడుతుంది. ఆ గంటా నేను కిటికీ పక్కన కూర్చుని ఆమెను తలుచుకుంటూ, మధ్య మధ్యలో ఓనరుతో ఆడబోయే కొట్లాటను మనసులో ముందే ఆడుకుంటూ వచ్చాను. ఆ తలుచుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. కొట్లాట సంగతి కూడా రాస్తాను.

ఒకప్పుడు ఆళ్లగడ్డ బడిలో మేమిద్దరం తెలుగు టీచర్లం. ఆమె పెద్ద టీచర్, నేను చిన్న టీచర్. పిల్లలు పెట్టిన పేర్లవి. ఆమె నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు "నీకేమన్నా తీరికెక్కువైందా?" అని జవాబిచ్చేది. సంజామల వైపు ఒక పల్లెలో, చర్చి వాళ్లు ఇచ్చిన ఇంట్లో పుట్టింది. వాళ్ల నాయన బోధకుడు. ఎక్కడికి పంపితే అక్కడికి సామాను బండికెత్తుకుని పోయేవాడు. అంటే పుట్టిన రోజు నుంచీ ఆమె ఎవరో ఇచ్చిన కప్పు కిందే బతికింది. కానీ తన ఇంటిని ఆమె "బాడిగిల్లు" అనడం నేనెప్పుడూ వినలేదు. "మా ఇల్లు" అనేది. సొంతమా అని ఎవరైనా అడిగితే "కొంటేనే నాదా? ఉంటే నాది గాదా?" అని ఎదురు అడిగేది. అడిగినవాళ్లు తప్పు చేసినట్టు తల దించుకునేవాళ్లు.

నా కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. నేను పుట్టి పెరిగింది సున్నిపెంటలో, డ్యాం పనివాళ్లకు కట్టిన క్వార్టర్లలో. మా తలుపు మీద మా నాయన పేరు ఉండేది కాదు, నంబరు ఉండేది. నాయన రిటైరయ్యాక ఆ నంబరు వేరేవాళ్లదైపోయింది. ఖాళీ చేసే రోజు మా అమ్మ ఇంట్లో ఉన్న మంచి సామానంతా ఒక ట్రంకు పెట్టెలో సర్ది, కొబ్బరి తాడుతో రెండు చుట్లు చుట్టి ముడేసి, "సొంతిల్లు కట్టుకున్నాకే దీన్ని ఇప్పల్ల" అంది. నాకు ఆళ్లగడ్డలో ఉద్యోగం వచ్చేసరికి అమ్మ లేదు. పెట్టె మాత్రం తాడుతో సహా నాతో వచ్చింది.

ఒక గది తీసుకున్నాను. చాప, స్టవ్వు, రెండు గిన్నెలు, దండెం మీద నాలుగు చీరలు. కిటికీకి దినపత్రిక అంటించాను. ఎలాగూ ట్రాన్స్‌ఫర్ అవుతుంది కదా, ఈ కొద్ది రోజులకు ఇంకేం కావాలి అనుకున్నాను. జ్వరం వచ్చి రెండు రోజులు బడికి పోకపోతే ఆమె చూడడానికి వచ్చింది. వాకిట్లోనే నిలబడి గదంతా ఒకసారి చూసింది.

"ఏందిది? ఇల్లా, బస్టాండా?"

"ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకే గదక్కా."

"వచ్చి ఎన్ని దినాలాయ?"

"రెండేండ్లు."

"రెండేండ్లు బస్టాండులో పండుకున్నావా!"

మూలనున్న పెట్టెలో ఏముందని అడిగింది. చెప్పాను. అంతా విని, గట్టు మీద కూరగాయల కత్తి తీసుకుని తాడు కోసేసింది. నేను జ్వరంతోనే లేచి అరిచాను. అది మా అమ్మ వేసిన ముడి! నా జీవితంలో ఎవరిమీదా అంత గట్టిగా అరవలేదు. ఆమె తిరిగి అరవలేదు. "మీ యమ్మ తాడు కట్టింది పెట్టెకు. నువ్వు నీకు కట్టుకున్నావు" అని మూత తెరిచింది. ఆరు స్టీలు పళ్లాలు, ఒక్కోదాని అంచున మా అమ్మ పేరు చెక్కించి ఉంది. పచ్చ పూల కర్టెన్ గుడ్డ. అమ్మా నాయనల ఫోటో. ఆమె కోసిన ఆ తాడునే కిటికీకి అడ్డంగా బిగించి కర్టెన్ వేలాడదీసింది. చారన్నం కలిపి మా అమ్మ పళ్లెంలో నా ముందు పెట్టింది. "సొంతింట్లో ఐతేనే కూడు పెడ్తామని ఈ పళ్లాలేమన్నా చెప్పినాయా?" అంది. నోటికి ఏదీ సయించని ఆ రోజు నేను పళ్లెం ఖాళీ చేశాను. ఏడుస్తూనే తిన్నాననుకోండి.

అప్పట్లో ఆమె ఇల్లు శిల్పులుండే వీధి చివర. పొద్దున మొదలైన ఉలి చప్పుడు సాయంత్రం దాకా ఆగదు. ఆ వీధిలో ఒక శిల్పి పద్మపీఠం చెక్కుతుంటే ఒక రేకు విరిగింది. విరిగినదాని మీద దేవుణ్ణి నిలబెట్టరు కదా, పక్కన పడేశాడు. ఈమె పోయి దాన్ని అడిగి తెచ్చుకుంది. దానిమీద నీళ్లకుండ పెట్టింది. ఆయన చూసి నొచ్చుకున్నాడు. "టీచరమ్మా, అది దేవుడు నిలబడాల్సిన పీటమ్మా" అన్నాడు. "ఎండకాలం ఆళ్లగడ్డలో నీళ్లకంటే పెద్ద దేవుడెవురప్పా?" అని ఆయనకు ఒక చెంబు నీళ్లిచ్చింది. ఆయన తాగి, కాసేపు పీఠాన్నే చూసి, పోతూ పోతూ చెక్కకుండా వదిలేసిన ఇంకో నాలుగు రేకులు చెక్కి పోయాడు.

ఆ ఇంటి ఓనరు ఒక ముసలాయన, పొలాలున్న రైతు. గోడకు మేకు కొట్టకూడదన్నది ఆయన మొదటి షరతు. ఈమె చేరిన రోజే మేకు కొట్టింది. ఆయన పరిగెత్తుకొచ్చాడు. "గోడ నీదేనప్పా, నేను కాదన్యానా? మేకు నాది. పోయేటప్పుడు నా మేకు నేను తీస్కపోతా" అంది. "మరి బొక్క?" అన్నాడాయన. "అది నీకే ఇడ్సిపెట్టిపోతాలే" అంది.

ఆ మేకుకు ఆమె తగిలించింది వాళ్ల నాయన చేత్తో రాసిన చెక్క బోర్డు. నల్ల పలక మీద తెల్ల రంగుతో "ఈ యింటికి యజమాని ప్రభువు" అని ఉంటుంది. మరుసటి నెల అద్దె తీసుకోవడానికి వచ్చిన ముసలాయన బోర్డు ముందు నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. య, జ, మా, ని. మొహం మారిపోయింది. వచ్చిన దారినే వెళ్లిపోయాడు. అద్దెకున్నవాళ్లు ఏళ్ల తరబడి ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందని టీ అంగడి కాడ ఎవరో ఆయనకు నూరిపోసి ఉన్నారు. ఇప్పుడు ఏకంగా యజమాని అని వేరే పేరు రాసి గోడకే తగిలించారు! మర్నాడు దస్తావేజులు రాసే ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. దస్తావేజుల ఆయన కళ్లజోడు పెట్టుకుని, బోర్డు చదివి, వెనక్కి తిప్పి అటు కూడా చూసి, ముసలాయన చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

"అన్నా, ఇది యేసుప్రభువు సంగతి. ఆయన కోర్టుకు రాడులే."

ముసలాయనకు సగమే నమ్మకం కుదిరింది. "అట్లైతే మరి నేనెవురు?" అని పెద్ద టీచర్‌ను అడిగాడు. ఆ ప్రశ్నలో పాపం నిజంగానే బాధ ఉంది. ఆమె ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చిన్నపిల్లలకు అర్థాలు చెప్పినట్టు చెప్పింది. "నువ్వు ఓనరువప్పా. ఓనరు వేరే, యజమాని వేరే. ఓనరు నెలకొక తూరి వస్తాడు. యజమాని పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాడు." ఆయన బోర్డు వైపు ఇంకోసారి చూసి, "సరే, నేను నెలకొక తూరే వస్తాలే" అని లేచాడు. అంతకు ముందు వారానికి రెండుసార్లు చెప్పా పెట్టకుండా లోపలికి వచ్చి కుళాయిలు తిప్పి చూసిపోయేవాడు. అది ఆగిపోయింది. ఆమె అనుకున్నదీ అదేనేమో.

ఇలా మాటలు పట్టుకుని కొట్లాడడం ఆమెకు ఇష్టం. తర్వాత నంద్యాలలో పాస్టరుగారిని కూడా వదల్లేదు. ఎవరు పోయినా సమాధి తోటలో ఆయన ఒకే మాట చెప్పేవారు. ఈ లోకము మనకు అద్దె ఇల్లు మాత్రమే, పైన మన సొంత గృహము సిద్ధముగా ఉన్నది అని. ఆరాధన అయ్యాక ఈమె ఆయన్ను ఆపేది. "అయ్యగారూ, పరలోకం గొప్పదే. దానికోసరమని బాడిగిండ్లను ఎందుకు తక్కువ చేస్తారు? మీరుండేది గూడా చర్చి ఇల్లే గదా. అమ్మగారు దాన్నెంత బాగ పెట్టుకోనుండాది!" ఆయన నవ్వేవారు. తర్వాతి చావుకు మళ్లీ అదే చెప్పేవారు. ఈమె మళ్లీ ఆపేది.

ప్రతి డిసెంబరులోనూ సున్నం వేసేది. ఓనరు వేయించడం కాదు, తనే వేసేది. నన్ను కూడా లాక్కుపోయేది. ఇద్దరం తలలకు పాత తువ్వాళ్లు చుట్టుకుని గోడలకు పూస్తుంటే ముసలాయన వచ్చి, "నీది గాని గోడకు నీకెందుకమ్మా ఈ తిప్పలు?" అనేవాడు. "పొద్దున లేస్తే ఈ గోడను చూసేది నువ్వా, నేనా?" అనేది. చేతుల మీద సున్నం పొక్కులు వారం దాకా ఉండేవి. నాకు ఆ పని మీద విసుగే తప్ప భక్తి ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు రాస్తుంటే మాత్రం తడి సున్నం వాసన వస్తోంది.

ఆమెకు నంద్యాలకు ట్రాన్స్‌ఫర్ అయింది. సామాను ఎత్తుతుంటే నేను దిగులుగా, ఇల్లు ఖాళీ చేయడమంటేనే నాకు సున్నిపెంట గుర్తొస్తుందన్నాను. ఆమె చాప చుడుతూ, "తెలుగు టీచర్‌వే గదా నువ్వు? పరీక్ష పేపర్లో ఏమని ఇస్తాం? ఖాళీలను పూరింపుము అనే గదా. ఓనర్లు ఖాళీ చేయమంటారు. మనం పోయి ఇంకోటి పూరిస్తాం. ఎవురి పని వాళ్లది" అంది. ముసలాయన వచ్చి ఆఖరికి నెమ్మదిగా అడిగాడు. "ఆ బోర్డు ఈడనే పెట్టిపోరాదా టీచరమ్మా? గోడ బోసిగుంటాది." ఆమె మేకు పీకుతూ, "ఇల్లు మారితే యజమానిని ఇడ్సిపెట్టిపోతారాప్పా?" అంది. చెప్పినట్టే మేకు తీసుకుంది. బొక్క ఆయనకే వదిలింది.

ఆమెను దేవతను చేయడం నాకిష్టం లేదు, ఆమెకు అసలే ఇష్టం ఉండదు. నోరు పెద్దది. ఎదుటివాళ్లకు తగులుతుందని తెలిసీ అనేది. నాకు పెళ్లయ్యాక నేనూ మా ఆయనా నంద్యాలలోనే కాపురం పెట్టాం, నేను రోజూ ఆళ్లగడ్డకు తిరుగుతున్నాను. ఊరి బయట లేఅవుట్లో స్థలం కొన్నాం. ఇక మా ఇంట్లో ఏ మాటైనా ఆ స్థలం దగ్గరే ఆగేది. మంచి మంచం కొత్త ఇంట్లోకి కొందాం, పూలకుండీలు కొత్త ఇంట్లో పెడదాం. ఒకరోజు ఆమె మా ఇంటికి వచ్చి, అరిగిన చాప, రంగు పోయిన గోడ చూసి, "ఆ స్థలంలో కంపచెట్లు తప్ప ఎవురూ కాపురం చేయడం ల్యా. మీరు ఈడ గూడా చేయడం ల్యా. మరి యాడ చేస్తాండారు?" అంది. మా ఆయన ముందు అంది. నేను ఆరు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఏడో నెల కర్టెన్లు కొనడానికి పోతూ ఆమెను తోడు రమ్మన్నాను. ఆమె ఆ ఆరు నెలల ఊసే ఎత్తలేదు.

రిటైరయ్యాక కూడా నంద్యాలలో ఆ మేడ మీది వాటాలోనే ఉండిపోయింది. మొత్తం పన్నెండేళ్లు. కింద ఓనరు కుటుంబం, పక్కన కుట్టుమిషన్ అమ్మాయి. ఓనరు భార్య నోట్లో నాలుక లేని మనిషి. మధ్యాహ్నం పని అయ్యాక పైకి వచ్చి, పెద్ద టీచర్ పెట్టిన టీ తాగి, కాసేపు కిటికీ దగ్గర కూర్చుని పోయేది. ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలియదు. నేను పోతే ఇద్దరూ ఆపేసేవాళ్లు.

ఆమె పోవడానికి ఏడు నెలల ముందు ఆస్పత్రివాళ్లు ఇక చేసేదేమీ లేదని ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వారం తిరక్కుండానే ఓనరు పైకి వచ్చాడు. చెడ్డవాడని అనను. చెమటలు తుడుచుకుంటూ, మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. "టీచరమ్మా, నీకు బాగల్యాకపాయ. ఈ మెట్లెక్కి దిగలేవు. మీ తమ్ముని ఇంటికి పోతే వాళ్లు చూసుకుంటారు గదా. వచ్చే నెలకు..."

"ఏమప్పా, నేను సచ్చిపోతాననా?"

"అయ్యో, అట్ల గాదమ్మా!"

"సస్తా. ఈడనే సస్తా. యాడికీ పోను. ముందుగా తెలిస్తే నీకే మంచిదని చెప్తాండా."

ఆయన దిగిపోయాడు. ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఆ సాయంత్రం నేను ఆమెతో, "మా ఇంటికి రా అక్కా. ఆయప్పతో ఎందుకు గొడవ?" అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. "నన్ను ఖాళీ చేయిచ్చేదానికి ఆయప్పొకడు చాలడని నువ్వు గూడా వచ్చినావా?" అంది. మూడు రోజులు నా మొహం చూడలేదు. నాలుగో రోజు కబురు పెట్టింది. పోయేసరికి మంచం లోపలి గదిలోంచి హాల్లోకి, వీధి తలుపుకు ఎదురుగా వచ్చి ఉంది. కుట్టుమిషన్ అమ్మాయి టేపు పెట్టి తలుపు వెడల్పు కొలుస్తోంది. "రెండు రెక్కలూ తీస్తే పెట్టె పడ్తాది. చూసినా" అంది పెద్ద టీచర్ తన శవపెట్టె సంగతి, బీరువా కొనబోతున్నట్టు. తలుపు కిర్రుమంటుందని బందులకు నూనె పోయించింది. తలుపుకు లేత నీలం రంగు వేయించమంది. ఓనరును అడగొద్దా అన్నాను. "తలుపెవురిది?" అంది. వేయించాను. ఆ ఏడు నెలలూ ఆమె ఆ నీలం తలుపును చూస్తూ పడుకుంది. నా దగ్గర మాట తీసుకున్నది కూడా ఆ మంచం మీద నుంచే.

నేను బస్సు దిగి ఆటోలో వచ్చేసరికి షామియానా గుంజలు అప్పటికే రోడ్డు మీద పడి ఉన్నాయి. ఓనరు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. "నక్షత్రం మంచిది గాదంట పాపా. ఇల్లు మూయాల్సొస్తాది. నాకూ సంసారముండాది. కిందికి దించండి, దండం పెడ్తా" అన్నాడు. బస్సులో నేను సిద్ధం చేసుకున్న గొప్ప మాటలు ఒక్కటీ రాలేదు. "నెలాఖరు దాకా ఆ ఇల్లు ఆయమ్మది. నాలుగింటికి పాస్టరుగారొస్తారు. అంతవరకు ఆయమ్మ ఆయమ్మ ఇంట్లోనే ఉంటాది" అన్నాను. మొదటి మెట్టు మీద కూర్చున్నాను. "దించల్లంటే నన్ను తొక్కుకోని పో అన్నా" అన్నాను. నేను ఎవరితోనూ గొడవపడే మనిషిని కాను. ఆమె బతికి ఉంటే నవ్వి ఉండేది.

అప్పుడు కింది వాటాలోంచి ఓనరు భార్య వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి, కొంగుతో తుడుచుకుంది. మెట్ల దగ్గర చెప్పులు విడిచింది. "జరుగు పాపా" అంది నాతో.

"యాడికే?" అన్నాడు ఓనరు.

ఆమె తిరిగింది. గొంతు పెంచలేదు. "నిన్ను చేసుకోని ఈ గడపలోకొచ్చి ముప్పై ఏండ్లాయ. ఇది నా ఇల్లని నాకొక్క దినమన్నా అనిపీలేదు. పైకిపోయి ఆయమ్మ కాడ కూర్చుంటే మాత్రం, ఒక ఇంట్లో ఉండానని అనిపిచ్చేది. ఆ ఇంట్లోంచి ఆయమ్మను నువ్వెట్ల తీస్తావో చూస్తా." పైకెక్కి పోయింది. ఓనరు గుంజలు తెచ్చినవాళ్లను చేత్తోనే పొమ్మన్నాడు.

పెద్ద టీచర్ నాలుగింటి వరకూ తన హాల్లో, తన గోడల మధ్య పడుకుంది. మెట్ల నిండా చెప్పులు. ఆమె తమ్ముడు వచ్చాడు, ఆళ్లగడ్డ నుంచి శిల్పి వచ్చాడు. బడిలో చదివినవాళ్లు, ఆమె చేత ఒకసారైనా తిట్లు తిన్న ఆ వీధివాళ్లు వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేసి, అలవాటుగా "ఈ లోకము మనకు..." అని మొదలుపెట్టారు. గోడ మీది బోర్డు చూశారు. ఆగారు. "ఈ యింటిని మా సహోదరికి ఇచ్చినందుకు స్తోత్రము" అని ముగించారు. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

రెండు రెక్కలూ తీశాం. పెట్టె నీలం తలుపులోంచి ఎక్కడా తగలకుండా బయటికి వచ్చింది. ఆమె కొలత సరిగ్గానే ఉంది. మెట్ల మలుపును మాత్రం ఎవరమూ కొలవలేదు. అక్కడ పెట్టె ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. మోస్తున్నవాళ్లు ఒక పక్కకు వంచి బలంగా లాగితే దాని మూల గోడకు ఒరుసుకుంటూ కింది దాకా దిగింది. గార పెళ్లలు రాలాయి. కింద నిలబడ్డ ఓనరు "గోడ!" అనబోయి నోరు తెరిచాడు. మూసుకున్నాడు.

మూడో రోజు ఆయన పెద్ద తాళం తెచ్చాడు. మూడు నెలలు మూయాలన్నారట. ఆ ఇల్లు మాకివ్వమని అడిగాను. "మూయాల్సిన ఇల్లమ్మా అది" అన్నాడు. "మీకు మూయాల్సిన ఇల్లు. మాకు కాపురముండాల్సిన ఇల్లు" అన్నాను. ఆయన భార్య వెనక నుంచి తాళం అందుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ ఆదివారమే మేం చేరాం. నేను, మా ఆయన, మా అమ్మ పళ్లాలు. ఊరి బయట స్థలం అక్కడే ఉంది. కట్టుకుంటే కట్టుకుంటాం. ఈలోగా ఇక్కడ ఉంటున్నాం.

మొన్న ఓనరు మెట్లకు రంగు వేయించడానికి మనిషిని పంపాడు. మలుపు నుంచి కింది మెట్టు దాకా, నా భుజమంత ఎత్తున, పెట్టె గీసిన గీత లోతుగా, తెల్లగా ఉంది. రంగులాయన పుట్టీ కలిపి దాన్ని పూడ్చబోయాడు. నేను మెట్లు ఊడుస్తున్నదాన్ని, చీపురు చేతిలో ఉండగానే పోయి ఆ గీతకు వీపు ఆనించి నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు, పైకి చూశాడు, గేటు దగ్గరున్న ఓనరును చూశాడు. ఓనరు తల తిప్పుకున్నాడు. రంగులాయన డబ్బా ఎత్తుకుని ఎదురు గోడ దగ్గరికి పోయాడు.